సీసం కప్పు కోసం సముద్రం నుంచి సముద్రానికి

ఇంగ్లండులో మేముండే ఊళ్ళో తెలుగు బడి జరిగేది చర్చిలో. ఆదివారం మధ్యాహ్నం ప్రార్థనలు అయిపోయాక ఉత్తరం వైపు నడవలో నాలుగు బల్లలు వేసుకుంటాం. కిందటి నవంబర్లో ఒక పిల్లాడు ‘ఋ’ దిద్దుతుంటే పుస్తకం మీద టప్పుమని నీటి చుక్క పడింది. వాడు తలెత్తి పైకి చూశాడు. రెండోది సరిగ్గా నుదుటి మీద పడింది. బడంతా ఒకటే నవ్వు. చర్చి వార్డెన్ పెద్దావిడ మాత్రం నవ్వకుండా గబగబా వెళ్ళి బకెట్ తెచ్చి పెట్టింది. ఎక్కడుందో వెతుక్కోకుండా తెచ్చిందంటే అది మొదటిసారి కాదన్నమాట.

తర్వాత తెలిసింది. అంతకు ముందు చలికాలంలో ఒక రాత్రి ఎవరో నడవ కప్పు మీదెక్కి సీసం రేకుల్ని చాపల్లా చుట్టి ఎత్తుకుపోయారట. ఇక్కడ పాత చర్చిలకు ఈ బెడద మామూలే. తుక్కు ధర పెరిగితే చాలు, కప్పులు మాయమవుతాయి. బీమా డబ్బు కొంతే వచ్చింది. పైన టార్పాలిన్ కప్పారు. ఆ టార్పాలిన్ గాలికి ఎక్కడ లేస్తే అక్కడ కారుతోంది.

“చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గర బోలెడు ఆస్తి ఉంటుంది కదా, వాళ్ళు బాగుచేయించరా?” అని అడిగాను. నాలా అడిగేవాళ్ళు ఆవిడకు రోజుకొకరు తగులుతారనుకుంటాను, ఓపిగ్గానే చెప్పింది. వాళ్ళకు సుమారు 16,000 చర్చిలున్నాయి. ఏ ఊరి చర్చి మరమ్మతు ఆ ఊరిదే. ఐదేళ్ళకోసారి ఆర్కిటెక్ట్ వచ్చి పునాది నుంచి శిఖరం దాకా చూసి రిపోర్టు రాస్తాడు. ఆ రిపోర్టులో ఉన్నవన్నీ చేయించడానికి డబ్బు తెచ్చుకోవాల్సింది ఊళ్ళో ఉన్న పది పదిహేను మంది కమిటీ. డబ్బున్నా చెయ్యి వేయడానికి వీల్లేదు, ముందు డయోసిస్ (బిషప్పు పరిధిలోని చర్చిల పాలన చూసేది) నుంచి అనుమతి రావాలి. ఆ అనుమతిని ‘ఫాకల్టీ’ అంటారు. చాలాకాలం నేను అదేదో కాలేజీ వ్యవహారం అనుకున్నాను. ఇవన్నీ అయ్యాక బిల్లు మీద 20 శాతం వ్యాట్ పడుతుంది. దాన్ని వెనక్కిచ్చే ప్రభుత్వ పథకం ఒకటి 2026 మార్చి దాకా ఉండేది గానీ, 2025 ఏప్రిల్ నుంచి చర్చికి ఏడాదికి 25,000 పౌండ్లు మించి ఇవ్వలేదు.

మన దగ్గర దీన్ని జీర్ణోద్ధరణ అంటాం, రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాం. ఇక్కడ సైకిలు తొక్కుతారు. ఏటా సెప్టెంబర్ రెండో శనివారం దేశమంతా జనం ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి సైకిళ్ళ మీదో నడిచో తిరిగి చందాలు పోగేస్తారు. వచ్చిందాంట్లో సగం సొంత చర్చికి, సగం జిల్లా ట్రస్టుకి. మా టార్పాలిన్ సెప్టెంబర్ దాకా ఆగేలా లేదు. అందుకే జూన్‌లో మేం నలుగురం సొంతంగా బయల్దేరాం. వార్డెన్ పెద్దావిడ (71 ఏళ్ళు, బ్యాటరీ సైకిలు), రిటైరైన ప్లంబర్ ఒకాయన, మా బడిలో గుణింతాలు చెప్పే తమ్ముడు, నేను. పడమటి తీరంలో మోర్కమ్ నుంచి తూర్పు తీరంలో బ్రిడ్లింగ్టన్ దాకా 170 మైళ్ళు. ‘వే ఆఫ్ ది రోజెస్’ అని పేరు. లాంకషైర్‌ది ఎర్ర గులాబీ, యార్క్‌షైర్‌ది తెల్ల గులాబీ, రెంటినీ కలిపే దారి కాబట్టి ఆ పేరు.

అమ్మకు ఫోన్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు. “గుడికి కాదుట్రా, చర్చికా?” అంది. పిల్లల మీద వాన పడుతోందమ్మా అన్నాను. “అయితే నా పేరున కూడా రాయి” అంది. ఎంతని చెప్పలేదు.

చందాలు రెండు రకాలు. కొందరు ఒకేసారి ఇంత అని రాస్తారు, కొందరు మైలుకింత అంటారు. ఇచ్చేవాళ్ళు ఆదాయపు పన్ను కట్టేవాళ్ళయితే ‘గిఫ్ట్ ఎయిడ్’ దగ్గర టిక్ పెట్టించుకోవాలి. అప్పుడు ప్రతి పౌండుకీ ప్రభుత్వం ఇంకో 25 పెన్స్ కలుపుతుంది. మా ఎదురింటి ముసలావిడ మైలుకు 10 పెన్స్ అని రాసి, “నాకు పన్ను కట్టేంత ఆదాయం లేదు, టిక్ పెట్టకు” అంది. ఫారం తిరిగిస్తూ ఇంకో మాట అంది. “వచ్చాక మీటర్ చూపించు. చూసే ఇస్తాను.”

మొదటి రోజు: మోర్కమ్ నుంచి సెటిల్

ఈ దారిలో ఒక ఆచారముంది. బయల్దేరేటప్పుడు వెనక చక్రం పడమటి సముద్రంలో తడపాలి, చేరాక ముందు చక్రం తూర్పు సముద్రంలో. పొద్దున్నే మోర్కమ్ ఒడ్డుకు వెళ్ళి చూస్తే సముద్రం లేదు. ఆటు సమయం. కనుచూపు మేర తడి ఇసుక, బురద, ఎక్కడో దూరంగా తళుక్కుమనే గీత. ఈ అఖాతంలో ఊబులుంటాయి, పోటు వచ్చేటప్పుడు మనిషి పరుగు కంటే వేగంగా వస్తుందంటారు. లోపలికి వెళ్ళే సాహసం ఎవరికీ లేదు. జెట్టీ పక్కన రాళ్ళ మధ్య నిలిచిన నీటిగుంటలో నాలుగు వెనక చక్రాలూ ముంచి, “ఉప్పగానే ఉన్నాయి, సముద్రమే” అని వార్డెన్ తీర్పు ఇచ్చింది.

లాంకాస్టర్ దాకా పాత రైలు కట్ట మీద వేసిన సైకిలు బాట. లూన్ నది దాటగానే కొండ మీద కోట, దాని పక్కనే ప్రయరీ చర్చి. 1094లో బెనెడిక్టైన్ సన్యాసుల మఠంగా మొదలైంది. లోపల గాయకుల ఆసనాల మీద 1340 ప్రాంతంలో చేసిన ఓక్ చెక్కడం ఉంది. ఆకుల్లో ఆకులు, తీగల్లో తీగలు, చెక్కేవాడికి ఖాళీ అంటే పడదనిపించేంత పని. తమ్ముడు ఫోన్ తీసి ఫోటోల మీద ఫోటోలు కొడుతున్నాడు. ప్లంబర్ లోపలికే రాలేదు. బయట గోడ పక్కన నిలబడి వాన నీటి గొట్టాల్ని చూస్తున్నాడు.

“ఏం చూస్తున్నారు?” అంటే గోడ మీద గొట్టం వెనకాల వేలు పెట్టి చూపించాడు. రాయి పొడిగా ఉంది. “గొట్టం వెనక పచ్చగా పాకుడు కనపడిందంటే లోపల కథ అయిపోయినట్టే” అన్నాడు. ఆయనకు చర్చి అంటే ఒక పెద్ద గొడుగు. గాజు కిటికీలు, బొమ్మలు, గంటలు, అవన్నీ గొడుగు కింద దాచుకున్న సామాను. నాలుగు రోజులూ అదే వరస. మేం గుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళం, ఆయన చుట్టూ తిరిగి వచ్చేవాడు.

తర్వాత నది వెంట చెట్ల నీడలో హాయిగా సాగింది. హార్న్‌బీలో సెయింట్ మార్గరెట్స్ దగ్గర ఆగాం. ఎనిమిది పలకల గోపురం. 1513లో ఫ్లోడెన్ యుద్ధంలో గెలిచి వచ్చిన ఎడ్వర్డ్ స్టాన్లీ కట్టించింది. మొక్కు తీర్చుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. తలుపు పక్కన కార్డు తాకించే చందా యంత్రం. ఇప్పుడు చాలా చర్చిల్లో హుండీ అంటే ఇదే. మూడు పౌండ్లు వేశాను. ఒక చర్చికి అడుక్కోవడానికి బయల్దేరి ఇంకో చర్చికి వేస్తున్నావేంటన్నా అని తమ్ముడి ప్రశ్న. నాలుగు రోజుల్లో నేను ఇలా వేసింది లెక్క చూస్తే 31 పౌండ్లు.

మధ్యాహ్నం తర్వాత దారి పైకి లేవడం మొదలైంది. ఎడమ పక్క ఇంగుల్‌బరో కొండ బల్లపరుపు తల మీద మబ్బు కూర్చుని ఉంది. క్లాపమ్, ఆస్టిక్, తర్వాత సెటిల్. రాతి గోడలు, గొర్రెలు, మళ్ళీ రాతి గోడలు. రాత్రి కాళ్ళు నొప్పి పుట్టాయి గానీ గొప్పగా చెప్పుకునేంత కాదు.

రెండో రోజు: సెటిల్ నుంచి రిపన్

ఈ రోజు గురించే అందరూ ముందుగా భయపెట్టారు. భయపెట్టడంలో తప్పులేదు. సెటిల్ ఊళ్ళోంచి బయటికి పోయే సందు నేరుగా గోడ ఎక్కినట్టుంటుంది. కాఫీ ఇంకా కడుపులో సర్దుకోకముందే మొదటి గేరు, ఆ తర్వాత ఇంక గేర్లు లేవు. నేను, తమ్ముడు దిగి నెట్టుకుంటూ నడిచాం. వార్డెన్ తన బ్యాటరీ సైకిలు మీద పక్కనుంచి వెళ్తూ “గుడ్ మార్నింగ్” అంది. ఆ రోజు ఆవిడ ఆ మాట నాలుగుసార్లు అంది.

పైకెక్కాక మాత్రం ఎంత చూసినా తనివి తీరదు. ఎయిర్టన్, క్రేకో దాటి వార్ఫ్ నది ఒడ్డున బర్న్‌సల్‌కి దిగాం. వంతెన, పచ్చిక, పక్కనే సెయింట్ విల్‌ఫ్రిడ్స్ చర్చి. లోపల గోడ వారగా కొన్ని రాళ్ళు పేర్చి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే అవి వైకింగుల కాలపు సమాధి రాళ్ళు. ‘హాగ్‌బ్యాక్’ అంటారు, అంటే పంది వీపు. పొడుగ్గా, మధ్యలో ఉబ్బెత్తుగా, చిన్న ఇంటి కప్పులా ఉంటాయి. మీద గీతలు గీతలుగా పెంకులు చెక్కారు. చచ్చిపోయినవాడికి కూడా నెత్తిన కప్పు ఉండాలనుకున్నారు చూడండి. ఒకదాని మీద చెయ్యి పెట్టాను. వెయ్యేళ్ళ రాయి, చల్లగా, చెక్కడం అరిగి వేలికి మాత్రమే తగిలేలా ఉంది. కంటికంటే వేలికే బాగా తెలుస్తోంది పెంకు వరస.

ఈ చర్చికి 1612లో మరమ్మతు చేయించింది విలియం క్రేవెన్. పక్కూరు ఆపిల్‌ట్రీవిక్‌లో పుట్టి, లండన్‌లో వ్యాపారం చేసి, 1610లో ఆ నగరానికి లార్డ్ మేయర్ అయ్యాడు. డబ్బు చేసుకున్నాక పుట్టిన చోట చర్చి బాగుచేయించి, బడి కట్టించాడు. “అప్పటి ఎన్నారై అన్నమాట” అన్నాడు తమ్ముడు. ఆ మాట వార్డెన్‌కి ఇంగ్లీషులో చెబితే ఆవిడకు ఎంత నచ్చిందంటే, మా చందా ఉత్తరాల్లో వాడుకుంటానని నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఆపిల్‌ట్రీవిక్ దాటాక గ్రీన్‌హో కొండ. ఆ ఎక్కుడు గురించి నేనేం రాసినా సాకులు చెప్పినట్టే ఉంటుంది. ఎక్కాం, ఆగాం, ఎక్కాం. పైనున్న ఊరు సముద్ర మట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తు. గాలికి హెల్మెట్ పట్టీ ఈల వేస్తోంది. రోడ్డు పక్కన గడ్డి మొలవని బూడిదరంగు దిబ్బలు కనపడ్డాయి. ప్లంబర్ సైకిలు ఆపేశాడు. నాలుగు రోజుల్లో ఆయన తనంతట తాను ఆగడం అదే మొదటిసారి.

అది సీసం గనుల తుక్కు. ఈ కొండంతా శతాబ్దాల పాటు సీసం తవ్వారు. మఠాల వాళ్ళూ ఇక్కడ తవ్వించారు. ఆయన ఒక రాయి తీసి అరచేతిలో తిప్పుతూ చెప్పాడు. సీసం మెత్తన, చెక్క సుత్తితో కొడితే రాతి ఒంపులోకి బట్టలా ఒదుగుతుంది. వందేళ్ళు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే నిలుస్తుంది. కాకపోతే ఒక బలహీనత ఉంది. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. రేకు మరీ పెద్దదైతే అలా సాగీ ముడుచుకునీ చీలుతుంది. అందుకే చిన్న చిన్న ముక్కలుగా, అంచులు ఒకదాని మీద ఒకటి మడిచి వేస్తారు. “మన దొంగలకు ఆ మడతలు విప్పడం బాగా తెలుసు. పనివాళ్ళే” అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే వృత్తి గౌరవమే ఎక్కువ వినపడింది నాకు. మా చర్చికి మళ్ళీ సీసం వెయ్యట్లేదు. టర్న్ అనే లోహపు పూత వేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ వేస్తున్నారు. చూడ్డానికి సీసంలానే బూడిదరంగులో ఉంటుంది, అమ్మితే ఏమీ రాదు.

అక్కణ్ణుంచి పేట్లీ బ్రిడ్జ్‌కి దిగుడు ఎక్కుడు కంటే ప్రమాదం. బ్రేకులు పట్టుకుని పట్టుకుని వేళ్ళు కొంకర్లు పోయాయి. సగం దిగాక రిమ్ ముట్టుకుంటే చురుక్కుమంది. ఇద్దరం ఆగి చల్లారనిచ్చాం. కింద ఊళ్ళో 1827 నాటి మిఠాయి కొట్టుంది, ఇంగ్లండులో కెల్లా పాతదని చెప్పుకుంటారు. సీసాల్లోంచి తూచి కాగితం సంచిలో పోసి ఇచ్చిన అల్లం బిళ్ళలు బుగ్గన పెట్టుకుని మళ్ళీ ఇంకో కొండ ఎక్కాం. బ్రిమమ్ రాళ్ళు దూరం నుంచే చూసి దండం పెట్టాం.

ఫౌంటెన్స్ ఆబీ చేరేసరికి ఎండ వాలింది. టిక్కెట్టు ధర చూసి తమ్ముడు గొణిగాడు గానీ లోపలికొచ్చాక నోరు మెదపలేదు. 1132లో యార్క్ నుంచి గొడవపడి వచ్చేసిన 13 మంది సన్యాసులు మొదలుపెట్టిన మఠం. గొర్రెల ఉన్ని అమ్మి దేశంలోకెల్లా సంపన్న మఠాల్లో ఒకటైంది. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూసేసినప్పుడు ఇదీ పోయింది. అప్పుడు రాజుగారి మనుషులు ఏ మఠానికెళ్ళినా ఖజానాకి లెక్కగట్టిన వాటిలో మొదటివి రెండు: గంటలు, కప్పు మీది సీసం.

చర్చి నడవ మధ్యలో నిలబడి పైకి చూస్తే ఆకాశం. స్తంభాలు చెక్కు చెదరలేదు, కమానులు అలాగే ఉన్నాయి, గోపురం నిటారుగా ఉంది. కప్పు మాత్రం లేదు. నేల మీద గడ్డి. పక్కనే సామాన్లు దాచుకునే పొడవాటి చావడి ఉంది, సుమారు 300 అడుగులు. దానికి రాతి కప్పు నిలిచింది. లోపలికెళ్తే నేల పొడిగా ఉంది, మా మాటలు మాకే తిరిగి వినపడుతున్నాయి. నాలుగడుగులు ఇటు వేస్తే గది, అటు వేస్తే శిథిలం. ప్లంబర్ ఏమీ అనలేదు. వార్డెన్ మాత్రం “మన టార్పాలిన్ కట్టిన తాడు ఎన్నాళ్ళు ఆగుతుందంటావ్?” అని ఆయన్ని అడిగింది. అక్టోబర్ దాకా అన్నాడు.

జింకల పార్కులోంచి రిపన్ మూడు మైళ్ళు. రాత్రి తొమ్మిదింటికి సంత చౌకులో మూడు కోణాల టోపీ పెట్టుకున్న మనిషి వచ్చి పెద్ద కొమ్ము ఊదాడు. రోజూ ఊదుతారట, శతాబ్దాలుగా. గస్తీ మొదలైందని గుర్తు. ఎంత అలిసిపోయామంటే, ఆ కొమ్ము మా కోసమే ఊదారని తమ్ముడు నమ్మేశాడు.

మూడో రోజు: రిపన్ నుంచి యార్క్

పొద్దున రిపన్ కేథడ్రల్. మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్ళాలి. విల్‌ఫ్రిడ్ అనే సాధువు 672లో కట్టించిన గది. ఇరుకైన దారి, వంగి నడవాలి, భుజాలు గోడకి రాసుకుంటాయి. పైన చర్చి కూలింది, మళ్ళీ కట్టారు, పెంచారు. కింద ఈ చిన్న గది మాత్రం పదమూడున్నర శతాబ్దాలుగా అలాగే ఉంది. వాన తగలదు కదా.

పైకొచ్చాక వార్డెన్ నన్ను మధ్య గోపురం కింద నిలబెట్టి “ఏదైనా తేడా ఉందా చూడు” అంది. కాసేపటికి కనపడింది. ఒక కమాను గుండ్రం, ఇంకోటి కోసుగా. ఒక పక్క స్తంభం లావుగా కొత్తగా, దాని జోడీ సన్నగా పాతగా. 1450లో గోపురంలో కొంత కూలితే బాగుచేయడం మొదలుపెట్టారు. సగం అయ్యాక పని ఆగిపోయింది. ఆగింది ఆగినట్టే ఉంది, ఇప్పటికీ. నాకు ఆ కేథడ్రల్‌లో అన్నిటికంటే నచ్చింది అదే. మా కమిటీ మీటింగుల్లో ‘ఫేజ్ టూ’ అనే మాట వినపడినప్పుడల్లా ఇక నాకు ఆ వంకర జోడీయే గుర్తొస్తుంది.

ఇక రోజంతా చదును దారి. చదును దారిలో జాగ్రత్త తగ్గుతుంది. బరోబ్రిడ్జ్ దాటాక తమ్ముడూ నేనూ ఏదో సినిమా గురించి వాదించుకుంటూ నీలం బోర్డు చూడకుండా తప్పు మలుపు తీసుకున్నాం. తెలిసేసరికి మూడు మైళ్ళు. వెనక్కి ఇంకో మూడు. చెట్టు కింద కూర్చున్న వార్డెన్ మమ్మల్ని చూసి గడియారం చూసుకుంది, అంతే.

ఆల్డ్‌వర్క్ దగ్గర యూర్ నది మీద పాత సుంకం వంతెన. కార్లకు డబ్బు వసూలు చేస్తారు, సైకిళ్ళను వదిలేస్తారు. చెక్క పలకల మీద చక్రం వెళ్తుంటే దడదడలాడింది. ఆ దడదడకో ఏమో, దాటిన పావుగంటకు నా వెనక టైరు చప్పబడింది. ట్యూబు మార్చడం నాకు వచ్చనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ప్లంబర్ అయిదు నిమిషాలు ఓపిక పట్టి, “ఇలా ఇవ్వు నాయనా” అన్న ధోరణిలో చెయ్యి చాపాడు.

యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను కప్పు సంగతే చెబుతాను. 1984 జులై 9 తెల్లవారుజామున దక్షిణపు వైపు కప్పు అంటుకుంది. పిడుగు పడి ఉండొచ్చని తేల్చారు. మంటలు మిగతా చర్చికి పాకకుండా ఉండాలని అగ్నిమాపక దళం వాళ్ళు కాలుతున్న కప్పును నీళ్ళతో కొట్టి కూలదోశారు. పైనున్న గులాబీ కిటికీ వేడికి దాదాపు 40,000 చోట్ల పగిలింది, కానీ రాలిపడలేదు. అంతకు కొన్నేళ్ళ ముందే దాని సీసం పట్టీలు కొత్తవి వేశారు, అవి పట్టి ఉంచాయి. సీసం మళ్ళీ. 1988కల్లా కొత్త ఓక్ కప్పు వేశారు. దాని కింద బిగించిన చెక్క బిళ్ళల్లో ఆరింటికి టీవీ పోటీ పెట్టి పిల్లల చేత బొమ్మలు గీయించారు. మెడ వెనక్కి వంచి వెతికితే ఒకదాంట్లో చంద్రుడి మీద కాలుపెట్టిన మనిషి కనపడ్డాడు. మా బడి పిల్లలకు చూపిద్దామని ఫోటో తీశాను, కదిలిపోయింది.

నాలుగో రోజు: యార్క్ నుంచి బ్రిడ్లింగ్టన్

అన్నిటికంటే పొడుగు రోజు, సుమారు 60 మైళ్ళు. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుందనే అందరూ ఈ దారిని పడమర నుంచి తూర్పుకి తొక్కుతారు. ఆ రోజు తూర్పు నుంచి వీచింది.

స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో టీ. 1066 సెప్టెంబర్ 25న ఇంగ్లండు రాజు హెరాల్డ్ నార్వే సేనను ఓడించింది ఇక్కడే. మూడు వారాలు తిరక్కుండా హేస్టింగ్స్ దగ్గర ఆయనే పోయాడు. పాక్లింగ్టన్‌లో ఆల్ సెయింట్స్ చర్చి గోడ మీద ఒక ఫలకం ఉంది. థామస్ పెల్లింగ్ అనే ఆయన 1733లో రెక్కలు కట్టుకుని ఈ గోపురం మీంచి తాడు వెంట జారుతూ ‘ఎగరబోయాడు’. తాడు వదులైంది, చర్చి గోడకి కొట్టుకుని చనిపోయాడు. తమ్ముడు అది చదివి గోపురం వంకా, నా వంకా చూసి, “స్పాన్సర్లు ఉండే ఉంటారన్నా” అన్నాడు.

తర్వాత వోల్డ్స్. సుద్దరాతి గుట్టలు, నీళ్ళు పారని లోయలు, గసగసాల ఎర్రపూలు అక్కడక్కడా మెరిసే గోధుమ చేలు. ఎదురుగాలికి మాటలు ఆగిపోయాయి. ఒకరి వెనక ఒకరం, వంతులవారీగా ముందుకొచ్చి గాలి కాచుకుంటూ హగ్గేట్ దాకా వెళ్ళాం. అక్కడ వార్డెన్ బ్యాటరీ అయిపోయింది. ఆ సైకిలు బరువు ఎంతుంటుందో మాకు అప్పుడే తెలిసింది. తోసుకుంటూ, తొక్కుతూ, ఇద్దరం చెరోపక్క వీపు మీద చెయ్యివేసి నెడుతూ డ్రిఫీల్డ్ చేర్చాం. ఒక కాఫీ హోటల్లో ఛార్జింగ్ పెట్టుకోనిచ్చారు. గంటన్నర కూర్చున్నాం. ఆవిడ మాకు రెండోసారి కేక్ కొనిపెట్టింది. “గుడ్ మార్నింగ్” అన్నందుకు జరిమానా అనుకున్నాం.

సాయంత్రం ఏడు దాటాక బ్రిడ్లింగ్టన్. ముందు ప్రయరీ చర్చికి వెళ్ళాం. ఎంత పెద్దగా ఉందో! కానీ అది అసలు చర్చిలో ఒక ముక్కే. ఇక్కడి ప్రయర్ (మఠాధిపతి) రాజు మీద తిరుగుబాటులో కలిశాడని 1537లో ఆయన్ని చంపించి, మఠాన్ని కూల్చారు. నడవ భాగం మాత్రం ఊరివాళ్ళ ప్రార్థనలకని వదిలేశారు. ఊరి చర్చి అయింది కాబట్టి కప్పు నిలిచింది. పడమటి రెండు గోపురాలూ ఒకదానికొకటి పోలిక లేదు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. తలుపులు మూసేశారు. ప్లంబర్ అలవాటుగా చుట్టూ తిరిగొచ్చి, ఒకచోట గొట్టం వెనక పాకుడుందని చెప్పాడు. వార్డెన్ నోట్‌బుక్ తీసి, ఇక్కడి వాళ్ళకు ఉత్తరం రాస్తానంది. రాసింది కూడా.

సముద్రం ఈసారి ఒడ్డుకే ఉంది. ముందు చక్రాలు తడిపాం. వేయించిన చేప, బంగాళదుంప ముక్కలు, మీద వెనిగర్, గోడ మీద కూర్చుని తిన్నాం. సీగల్ ఒకటి తమ్ముడి చేతిలోంచి ముక్క ఎత్తుకుపోయింది. వాడు సీసం దొంగల కంటే ఎక్కువ తిట్టాడు దాన్ని.

ఇంటికొచ్చాక

నలుగురికీ కలిపి 6,480 పౌండ్లు వచ్చాయి, గిఫ్ట్ ఎయిడ్ కాకుండా. అమ్మ 116 రూపాయలు పంపింది, పైన రూపాయి ఎందుకు వేయలేదంటే నూటపదహార్లలోనే ఉందిరా అది అంది. మొత్తం కప్పుకు ఎంత కావాలో తెలిసిన వార్డెన్ లెక్క చూసి, “స్కాఫోల్డింగ్‌కి సరిపోతుంది. దాదాపు” అంది. మిగతాది గ్రాంట్ల నుంచి రావాలి, దరఖాస్తులు వెళ్ళాయి.

ఎదురింటి ముసలావిడ దగ్గరికి మీటర్ తీసుకునే వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. 176.

“170 అన్నావు కదా?”

దారి తప్పామని చెప్పాను. 17 పౌండ్లే ఇవ్వండి, ఆ ఆరు మైళ్ళు మా పొరపాటు అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. వంటింట్లోంచి బిస్కెట్ డబ్బా తెచ్చి, పది పెన్స్ బిళ్ళలు పదేసి చొప్పున దొంతులు పెట్టడం మొదలుపెట్టింది. పదిహేడు దొంతులయ్యాయి. పద్దెనిమిదోదానికి ఆరు బిళ్ళలు లెక్కపెట్టి, డబ్బాలో అడుగున ఇంకేమైనా ఉన్నాయేమోనని వేళ్ళతో తడుముతూ, “తొక్కావా లేదా?” అంది.